కొలంబో–మాలే: వెళ్లేటప్పుడు గంట, వచ్చేటప్పుడు రెండు గంటలు ఎందుకు?

హైదరాబాద్ నుంచి కొలంబో మీదుగా మాల్దీవులకు వెళ్లబోతున్న ఒక జంట అడిగిన ప్రశ్న ఇది. టికెట్లో కొలంబో నుంచి మధ్యాహ్నం 1:10కి బయలుదేరి 2:10కి మాలే చేరతారని ఉంది. తిరుగు ప్రయాణంలో 3:10కి మాలేలో బయలుదేరితే కొలంబో చేరేది 5:10కి. ఒకే దారి, ఒకే రకం విమానం. పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు రెండు గంటలా? గాలి అంత తేడా తెస్తుందా? పైగా దూరం ఒక వెబ్‌సైటులో 765, ఇంకో దానిలో 778, మూడో దానిలో 420 అని ఉంది. ఏది నమ్మాలి? సముద్రం మీద ఏమైనా జరిగితే దిగే చోటు ఉంటుందా? మాలేలో దిగాక రిసార్టుకు తీసుకెళ్లే సీప్లేన్ అందుతుందా?

ముందు సూటిగా జవాబు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం 778 కిలోమీటర్లు. ప్రయాణ సమయం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడా దాదాపు గంటన్నరే. తేడా గాలిలో లేదు, గడియారాల్లో ఉంది. శ్రీలంక గడియారం మన గడియారంతో సమానం, అంటే గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. మాల్దీవుల గడియారం ఐదు గంటలు ముందు. పోయేటప్పుడు అరగంట మీకు కలిసొస్తుంది, వచ్చేటప్పుడు ఆ అరగంట తిరిగి కట్టేస్తారు. గంటన్నరలోంచి అరగంట తీస్తే గంట, గంటన్నరకు అరగంట కలిపితే రెండు గంటలు. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు కాబట్టి ఈ గందరగోళం.

విమానాలకు ప్రయాణ ప్రణాళిక వేసే డిస్పాచ్ విభాగంలో చాలా కాలం పనిచేశాను. మా కాగితాల మీద స్థానిక సమయం అనేదే ఉండేది కాదు, అంతా గ్రీనిచ్ లెక్కే. అలా కాకపోతే ఎంత తికమకో శ్రీలంక చరిత్రే చెబుతుంది. 1996లో కరెంటు ఆదా కోసం ఆ దేశం గడియారాన్ని ఒకేసారి గంట ముందుకు జరిపి ఆరున్నరకు తెచ్చింది. ఆ ఏడాదే మళ్లీ ఆరుకు దించింది. 2006 ఏప్రిల్‌లో పాత ఐదున్నరకు వచ్చింది. ఆ పదేళ్ల కాలంలో కొలంబో–మాలే మధ్య తేడా అరగంట కాదు, గంట. ఇంటర్నెట్‌లో ఎవరో పాత ప్రయాణ అనుభవంలో వేరే లెక్క రాసి ఉంటే వాళ్లను తప్పుపట్టకండి.

ఇక్కడితో అయిపోలేదు. మాల్దీవుల్లో చాలా రిసార్టులు తమ దీవిలో గడియారాన్ని మాలే కంటే గంట ముందుకు పెట్టుకుంటాయి. అతిథులకు సాయంత్రం వెలుతురు ఇంకాస్త దక్కాలని ఈ ఏర్పాటు. అంటే హైదరాబాద్‌లో ఐదున్నర అయినప్పుడు మాలేలో ఐదు, మీ రిసార్టులో ఆరు. తిరిగి వచ్చే రోజు సీప్లేన్ ఎన్నింటికో రిసార్టువాళ్లు చెప్పినప్పుడు అది ఏ గడియారం ప్రకారమో తప్పకుండా అడగండి. ఫోను సాధారణంగా మాలే సమయమే చూపిస్తుంది. గదిలో గోడ గడియారం వేరే చెబుతుంది.

ఇక దూరం సంగతి. మీరు చూసిన మూడు అంకెలూ నిజమే. 765 అనేది కొలంబో నగరం నుంచి మాలే నగరానికి. కానీ విమానం కొలంబోలో ఎగరదు. బండారనాయకే అంతర్జాతీయ విమానాశ్రయం నగరానికి ఉత్తరంగా 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కటునాయకలో ఉంది. అక్కడి నుంచి కొలిస్తే 778. మాలే వైపు కూడా విమానాశ్రయం నగరంలో లేదు, పక్కనున్న హుల్హులే అనే దీవి మీద ఉంది. 2018లో వంతెన కట్టేదాకా నగరానికీ విమానాశ్రయానికీ మధ్య పడవే దిక్కు. దాని పేరు ఇప్పుడు వెలానా అంతర్జాతీయ విమానాశ్రయం. 2017కు ముందు ఇబ్రహీం నాసిర్ పేరు ఉండేది. పాత పేరు ఎక్కడైనా కనిపిస్తే మరో విమానాశ్రయం ఉందేమోనని కంగారు పడనక్కరలేదు.

420 అనేది నాటికల్ మైళ్లలో లెక్క. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 420ని దానితో హెచ్చిస్తే 778 వచ్చేస్తుంది. ఎవరినీ నమ్మాల్సిన పని లేకుండా మీరే కాగితం మీద చేసి చూసుకోవచ్చు. భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్న రెండు చోట్ల మధ్య తక్కువ దూరం కాబట్టి స్కూల్లో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం చాలు.

కటునాయక అక్షాంశం 7.18 డిగ్రీల ఉత్తరం, రేఖాంశం 79.88 తూర్పు. వెలానా 4.19 ఉత్తరం, 73.53 తూర్పు. ఉత్తర దక్షిణాల తేడా 2.99 డిగ్రీలు. ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, అంటే 179. తూర్పు పడమరల తేడా 6.35 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి దీన్ని సగటు అక్షాంశపు కొసైన్‌తో హెచ్చించాలి. ఇక్కడ అది 0.995, దాదాపు ఒకటే. లెక్క 379 దగ్గర తేలుతుంది. 179 వర్గం, 379 వర్గం కూడి వర్గమూలం తీస్తే 419 చిల్లర. అదే 420. హైదరాబాద్–షికాగోకు మాత్రం ఈ పద్ధతి వాడకండి, అంత దూరాల్లో భూమి గుండ్రదనం లెక్కను తలకిందులు చేస్తుంది. గోళం మీద కొలిచే సూత్రం వేరే ఉంది. ద్వీపాల మధ్య చిన్న దూరాలకు ఇది భేషుగ్గా పనిచేస్తుంది.

ఒక విషయం చాలామందికి తెలియదు. తిరువనంతపురం నుంచి మాలే 600 కిలోమీటర్లే. అంటే కొలంబో కంటే మన కేరళ తీరమే మాలేకు దగ్గర. పటం చూస్తే శ్రీలంక, మాల్దీవులు పక్కపక్కనే ఉన్నట్టు అనిపిస్తాయి గానీ శ్రీలంక చాలా తూర్పున ఉంది.

778 కిలోమీటర్లకు గంటన్నర ఎందుకు? విమానం గంటకు 830 కిలోమీటర్లు పోతుందంటారు కదా, యాభై ఆరు నిమిషాల్లో చేరిపోవాలి కదా? ఈ అనుమానం సహజం. ఆ 830 అనేది పైకెక్కి స్థిరపడ్డాక వేగం. చిన్న ప్రయాణంలో విమానం ఆ వేగంతో పోయేది సగం దారి కూడా కాదు.

మీ విమానం కాగితమే ఒకటి తయారుచేసి చూద్దాం. ఎయిర్‌బస్ ఎ320 రకం విమానం, గాలి లేదనుకుందాం, సమయాలన్నీ గ్రీనిచ్‌లో. కొలంబోలో 1:10 అంటే గ్రీనిచ్ 07:40. ఆ నిమిషంలో జరిగేది విమానం ఎగరడం కాదు, చక్రాలు కదలకుండా అడ్డం పెట్టే దిమ్మలు, అంటే చాక్స్, తీసేసి వెనక్కి నెట్టడం. ఇంజన్లు మొదలుపెట్టి, రన్‌వే చివరిదాకా నడిచి, ముందున్న విమానం ఎగిరేదాకా ఆగి, నేల విడిచేసరికి 07:53. అక్కడి నుంచి 34,000 అడుగులకు చేరేసరికి 08:14. ఈ 21 నిమిషాల్లో కదిలిన దూరం 120 నాటికల్ మైళ్లు. పది వేల అడుగుల లోపు గంటకు 250 నాటికల్ మైళ్ల వేగం దాటకూడదన్న నియమం ఒకటి, ఆపైన కూడా ఎక్కడానికే శక్తి పోతుంది కాబట్టి సగటు వేగం తక్కువ. పైన సమంగా పోయేది 25 నిమిషాలే, 188 నాటికల్ మైళ్లు. గాలిలో అందించే చిరుతిండి డబ్బా విప్పేలోపు 08:39కి దిగడం మొదలవుతుంది. ఎక్కడం కంటే దిగడానికి కాస్త ఎక్కువ సమయం, ఎందుకంటే చివర్లో రన్‌వేకు ఎదురుగా వచ్చి వరసలో నిలబడాలి. దిగే దారి 130 నాటికల్ మైళ్లు, చక్రాలు నేలను తాకేది 09:04కి. పార్కింగ్ చోటుకు చేరి మళ్లీ చాక్స్ పెట్టేది 09:10కి. మాలే గడియారంలో 2:10.

గాలిలో ఉన్నది 71 నిమిషాలు. మిగతా 19 నిమిషాలు నేల మీదే పోయాయి. ఎగిరిన దూరం కూడితే 438 నాటికల్ మైళ్లు, అంటే 811 కిలోమీటర్లు. తిన్నని గీత 778 అయినా, ఎగిరేటప్పుడు తిరగాల్సిన మలుపులు, దిగేటప్పుడు వేయాల్సిన చుట్టు కలిసి ముప్ఫై పైచిలుకు కిలోమీటర్లు అదనం. టికెట్లో వేసేది ఎప్పుడూ చాక్స్ తీసిన దగ్గర నుంచి చాక్స్ పెట్టేదాకా సమయమే. పైలట్ మైకులో 'ఇవాళ్టి ప్రయాణ సమయం గంటా పది నిమిషాలు' అంటే మీ టికెట్ అబద్ధం కాదు. ఆయన చెప్పేది గాలిలో ఉండే సమయం.

ఆ అదనపు మలుపు ఏ రోజు ఎంత ఉంటుందన్నది గాలి దిక్కును బట్టి. కటునాయకలో ఉన్నది ఒకటే రన్‌వే, ఈశాన్యం నుంచి నైరుతికి పరుచుకుని ఉంటుంది. విమానం సాధారణంగా ఎదురుగాలిలోకే లేస్తుంది. నైరుతి గాలి ఉన్నప్పుడు నైరుతి వైపే ఎగురుతుంది, మాలే దిక్కు కూడా ఇంచుమించు అదే, ఎగిరిన దారినే సాగిపోవచ్చు. ఈశాన్య గాలి ఉన్న రోజు వ్యతిరేక దిశలో లేచి, చుట్టు తిరిగి రావాలి. మూడు నాలుగు నిమిషాల తేడా.

పైగాలి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అనుమానానికి మూలం అదే. నిజానికి ఇది ఈ దారిలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల కాలంలో సముద్ర మట్టం దగ్గర గాలి పడమర నుంచి వీస్తుంది. కాబట్టి పడమరగా పోయే విమానానికి ఎదురుగాలి అనుకుంటాం. కానీ అదే కాలంలో చాలా ఎత్తున గాలి పూర్తిగా తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దక్షిణ భారతం మీద పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తున అది జోరందుకుని ప్రవాహంలా పోతుంది. దాన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. దీన్ని 1950ల్లో గుర్తించి, 1958లో వివరంగా ప్రపంచం ముందు పెట్టినవారు మన తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. తర్వాతి కాలంలో ఆయన భారత వాతావరణ శాఖ అధిపతి కూడా అయ్యారు. ఇంతటి పని చేసిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త పెద్దగా కనిపించాల్సింది.

మీ విమానం పోయేది పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున. జెట్ ప్రవాహపు అసలు తీవ్రత అక్కడ ఉండదు, దాని అంచు మాత్రం తగులుతుంది. గంటకు 30 నాటికల్ మైళ్ల వేగంతో వెనక నుంచి తోసిందనుకోండి. పైన సమంగా పోయేది 25 నిమిషాలే కదా, ఆ తోపుకు కలిసొచ్చేది పన్నెండు పదమూడు నాటికల్ మైళ్లు. సమయంలో చెప్పాలంటే రెండు నిమిషాల లోపు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కింది పొరల్లో ఎదురుగాలి ఆ లాభంలో కొంత తినేస్తుంది. మొత్తానికి ఇంత చిన్న దారిలో గాలి వల్ల పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ వచ్చే తేడా నాలుగైదు నిమిషాలు దాటదు. గంట తేడా కనిపిస్తే అది గాలి పని కాదని అందుకే కళ్లు మూసుకుని చెప్పవచ్చు.

అదే దారి పొడవైతే కథ వేరు. పసిఫిక్‌లో హొనొలులు నుంచి గువామ్‌కు దాదాపు 6,100 కిలోమీటర్లు. అవీ రెండు దీవులే. పడమరగా పోవడానికి సుమారు ఎనిమిది గంటలు, తూర్పుగా తిరిగి రావడానికి ఏడు గంటల పైచిలుకు. అక్కడ తేడా గాలిదే, పైన పడమటి గాలులు గంటల తరబడి తోస్తాయి లేదా అడ్డుకుంటాయి. పైగా మధ్యలో తేదీ మారే అంతర్జాతీయ దినరేఖ ఉంది. గువామ్‌లో మంగళవారం ఉదయం ఎక్కితే హొనొలులులో సోమవారం సాయంత్రం దిగుతారు. ఆ టికెట్ చూస్తే మీ గంట, రెండు గంటల చిక్కు ఏ మూలకు?

చిన్న దీవుల మధ్య దూరానికి నేను వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటి చెబుతాను. కిలోమీటర్ల దూరాన్ని 800తో భాగించి గంటల్లో వచ్చిన దానికి అరగంట కలపండి. టికెట్ సమయం దగ్గరదగ్గరగా వస్తుంది. కొలంబో–మాలే: 778ని 800తో భాగిస్తే 58 నిమిషాలు, అరగంట కలిపితే 88. టికెట్లో 90. మారిషస్ నుంచి రీయూనియన్‌కు 230 కిలోమీటర్లు. లెక్క ప్రకారం 47 నిమిషాలు, టికెట్లలో కూడా 45–50 నిమిషాలే కనిపిస్తుంది. మారిషస్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ దారి సుపరిచితమే, రెండు దీవుల గడియారమూ ఒకటే కాబట్టి వాళ్లకు మీ సమస్య రాదు. హవాయిలో హొనొలులు నుంచి కహులుయికి 160 కిలోమీటర్లు. లెక్కకు 42 నిమిషాలు వస్తుంది, టికెట్లో కూడా అటూ ఇటూ అంతే. గాలిలో ఉండేది మాత్రం ఇరవై నిమిషాల పైచిలుకే.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందంటే, దూరం మరీ చిన్నదై, విమానమూ చిన్నదై ఉన్నప్పుడు. స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు లోగాన్ఎయిర్ నడిపే విమానం ఉంది. 1967లో మొదలైంది. టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే విమాన ప్రయాణాల్లో ప్రపంచంలో అతి చిన్నది అదే. దూరం 2.7 కిలోమీటర్లు, అంటే కొలంబో రన్‌వే పొడవు కంటే కూడా తక్కువ. టికెట్లో సమయం రెండు నిమిషాలు, గాలి అనుకూలిస్తే నిమిషం చాలు. ఒక పైలట్ 53 సెకన్లలో దాటించిన రికార్డు కూడా ఉంది. బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ అనే చిన్న విమానం, ఎనిమిది మంది ప్రయాణికులు, పైలట్ పక్కనే కూర్చోవచ్చు. అక్కడ రన్‌వే ముందు విమానాల వరసలు లేవు, ఎత్తుకు ఎక్కడం లేదు, లేచిన వెంటనే దిగడమే. అందుకే నా అరగంట అక్కడ చెల్లదు. అంత చిన్న దూరానికి పడవ ఉండదా అంటే ఉంది. కానీ ఆ ఉత్తర సముద్రపు చలికాలపు అలల్లో పిల్లలకు పాఠం చెప్పడానికి వెళ్లే టీచరుకు, రోగిని చూడటానికి వెళ్లే డాక్టరుకు విమానమే నయం.

మీ ఆవిడకు సముద్రం మీద ప్రయాణమంటే భయమన్నారు. ఈ లెక్క ఆమెకు చూపించండి. ఈ దారిలో విమానం కాల్చే ఇంధనం సుమారు మూడు టన్నులు. మోసుకెళ్లేది మాత్రం దానికి రెట్టింపు పైనే. మాలేలో ఏ కారణం చేతనైనా దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి సరిపడా ఇంధనం ఉండాలి. ఆపైన ఇంకో అరగంట గాలిలో తిరగడానికి సరిపడా ఉండాలి. ఇవి కాక అనుకోని ఖర్చుకు కొంత శాతం. ఈ లెక్క తేలకుండా డిస్పాచర్ సంతకం పెట్టడు, పెట్టినా కెప్టెన్ ఒప్పుకోడు.

మాలేకు ప్రత్యామ్నాయాలు బాగానే ఉన్నాయి. దక్షిణాన 540 కిలోమీటర్ల దూరంలో అడ్డూ దీవుల్లో గాన్ ఉంది, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు వేసిన రన్‌వే. ఉత్తరాన 280 కిలోమీటర్ల దూరంలో హనిమాధూ ఉంది. తిరువనంతపురం సంగతి పైనే చెప్పాను. కొలంబో విమానాశ్రయం మూతపడితే శ్రీలంకలోనే మట్టల ఉంది, 2013లో తెరిచారు, ప్రయాణికులు పెద్దగా లేకపోయినా మూడున్నర కిలోమీటర్ల రన్‌వే మాత్రం దివ్యంగా ఉంది. దారి మధ్యలో, అంటే రెండు వైపుల నుంచీ 390 కిలోమీటర్ల దగ్గర, ఒక ఇంజన్ ఆగిపోయినా మిగిలిన దానితో గంటలోపే ఏదో ఒక రన్‌వే చేరుకోవచ్చు. రెండు ఇంజన్ల విమానాలు సముద్రాలు దాటడానికి ప్రత్యేక అనుమతులు కావాలన్న నియమం ఈ గంట హద్దు దాటినప్పుడే మొదలవుతుంది. ఈ దారి ఆ హద్దు లోపలే ఉంది.

వెలానా కూడా ఇప్పుడు పాత వెలానా కాదు. 1960లో హుల్హులే మీద మొదటి విమానం దిగినప్పుడు అక్కడ ఉన్నది ఉక్కు పలకలు పరిచిన నేల. 1962లో ఎయిర్ సిలోన్ విమానం కొలంబో నుంచి ప్రయాణికులను తెచ్చింది, అంటే మీరు వెళ్లబోయే దారి అరవై ఏళ్లు దాటిన దారి. 2022లో 3,400 మీటర్ల కొత్త రన్‌వే వాడకంలోకి వచ్చింది. ఎ380 లాంటి మహాకాయం కూడా దిగగలదు. దిగేటప్పుడు చివరి క్షణందాకా కిటికీలో నీళ్లే కనిపిస్తాయి, నేల మీద కాకుండా సముద్రంలోకే దిగుతున్నట్టు ఉంటుంది. రన్‌వే సముద్ర మట్టానికి రెండు మీటర్ల ఎత్తే. ముందే చెబుతున్నాను, ఆ క్షణంలో ఆమె చేయి పట్టుకోండి. దక్షిణం వైపు నుంచి దిగితే ఎడమ కిటికీలో మాలే నగరం, వంతెన కనిపిస్తాయి. ఉత్తరం వైపు నుంచి దిగితే ఆ దృశ్యం దక్కదు. ఏ వైపు నుంచి దిగుతారన్నది ఆ రోజు గాలి తేలుస్తుంది కాబట్టి సీటు కోసం అదనంగా డబ్బు కట్టకండి.

ఇప్పుడు మీ అసలు సమస్య, సీప్లేన్. మాల్దీవుల్లో ఇవి ఎక్కువగా ట్విన్ ఆటర్ విమానాలు, చక్రాల స్థానంలో తెప్పలు. పైలట్ కళ్లతో నీటిని, అలను చూసి దిగాలి. అందుకే పగలు మాత్రమే నడుస్తాయి. మాలేలో ఏడాది పొడుగునా ఆరు గంటలకు అటూ ఇటూగా సూర్యాస్తమయం. చివరి సీప్లేన్ అంతకు ముందే రిసార్టు చేరి, ఖాళీగానైనా వెనక్కి రావాలి. అందువల్ల రిసార్టులు సాధారణంగా మధ్యాహ్నం మూడున్నర లోపు మాలేలో దిగే ప్రయాణికులకే ఆ రోజు సీప్లేన్ ఖాయం చేస్తాయి.

మీరు దిగేది 2:10కి. అంతా సవ్యంగా జరిగితే గంటా ఇరవై నిమిషాలు చేతిలో ఉన్నట్టు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ హైదరాబాద్ విమానం కొలంబోకు గంట ఆలస్యమైనా, కొలంబోలో మధ్యాహ్నపు ఉరుముల మబ్బు కారణంగా విమానాలు ఆగినా, పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో శ్రీలంక మీద మధ్యాహ్నం మబ్బులు లేవడం మామూలు. విమానం ఆ మబ్బుల చుట్టూ తిరిగి రావడానికి పది నిమిషాలు పడుతుంది, ఎగరనివ్వకపోతే ఎంత పడుతుందో దేవుడికే తెలియాలి. సీప్లేన్ తప్పితే ఆ రాత్రి మాలేలోనో, విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలేలోనో గది తీసుకోవాలి. రిసార్టులో మొదటి రాత్రికి కట్టిన డబ్బు మాత్రం చాలాచోట్ల వెనక్కి రాదు.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతాను. హైదరాబాద్–కొలంబో, కొలంబో–మాలే రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయా, వేర్వేరుగా కొన్నారా చూసుకోండి. ఒకే టికెట్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా, తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది. వేర్వేరైతే మీ పాట్లు మీవి. కొలంబోలో ఉదయం పూట మాలే విమానం దొరికితే, కాస్త ధర ఎక్కువైనా దానికి మార్చుకోండి. ఉదయం ఆకాశం కూడా తేటగా ఉంటుంది. అది కుదరకపోతే కొలంబోలో ముందు రాత్రి దిగి, కటునాయక పక్కనే ఉన్న నెగొంబోలో పడుకుని, తెల్లవారి ఎక్కడం మంచిది. మార్చడం అసలే వీలుకాకపోతే, రిసార్టుకు ముందుగానే మెయిల్ రాసి, మీ విమానం నంబరు ఇచ్చి, 'ఆలస్యమైతే స్పీడు బోటు లేదా దేశీయ విమానం ఏర్పాటు ఉందా' అని అడగండి. మాలేకు దగ్గరి దీవులకు బోట్లు చీకటి పడ్డాక కూడా నడుస్తాయి. దూరపు దీవులకైతే రాత్రిపూట దేశీయ విమానం, అక్కడి నుంచి బోటు కుదురుతుంది కొన్నిచోట్ల.

సామాను కూడా సర్దుకునేటప్పుడే చూసుకోండి. సీప్లేన్‌లో సాధారణంగా మనిషికి 20 కిలోల సామాను, 5 కిలోల చేతిసంచి. కొలంబో విమానంలో 30 కిలోలు అనుమతించారు కదా అని నింపుకెళితే, మాలేలో తూకం దగ్గర అదనపు కిలోలకు డబ్బు కట్టాల్సి వస్తుంది. ఒక్కోసారి సంచులు మీ వెనక వచ్చే మరో సీప్లేన్‌లో వస్తాయి. అందుకని మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో ఇబ్బంది లేదు. మాలేలో 3:10కి విమానమంటే పన్నెండు గంటలకల్లా వెలానాలో ఉంటే సరిపోతుంది. ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య సీప్లేన్ ఇస్తారు. సీప్లేన్ సమయం ముందు రోజు సాయంత్రమే ఖరారు చేసి చెబుతారు, ముందుగా అడిగినా చెప్పరు. కొలంబోలో 5:10కి దిగాక హైదరాబాద్ విమానానికి కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి. అక్కడి నుంచి ఇంటిదాకా గడియారం ముట్టుకోనక్కరలేదు.